జమైకా గాయకుడు షాన్ పాల్ ‘గెట్ బిజీ’ కాపీ పాటా?

కాదు, ‘గెట్ బిజీ’కీ వేన్ వండర్ పాడిన ‘నో లెటింగ్ గో’కీ వెనక వినిపించేది ఒకే వాద్య ట్రాక్, స్టీవెన్ ‘లెంకీ’ మార్స్‌డెన్ తయారుచేసిన ‘దివాలి రిడిమ్’. జమైకాలో డాన్స్‌హాల్ అనే సంగీత శైలిలో పద్ధతే అంత. నిర్మాత ముందు డ్రమ్స్, బేస్‌తో ట్రాక్ సిద్ధం చేసి చాలామంది గాయకులకు ఇస్తాడు. దాని మీద ఎవరి పాట వాళ్లు కట్టుకుంటారు. డీజేలు ఆ పాటలన్నీ బీట్ తెగకుండా వరసగా వేయగలరు కాబట్టి ఆ ట్రాక్ జనానికి త్వరగా పట్టేస్తుంది. ‘దివాలి రిడిమ్’కి ప్రాణం మాత్రం చప్పట్లే, అద్భుతమైన లయ! ఆ ఊపుతోనే ‘గెట్ బిజీ’ 2003లో అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది. వినగానే ఒకరి ట్యూన్ ఇంకొకరు కొట్టేశారని చాలామంది అనుకుంటారు. నిజానికి వాళ్లు పంచుకున్నది వాద్యాన్నే, పాడే వరసా సాహిత్యమూ ఎవరివి వాళ్లవే.