అద్దె తక్కువే, చలికాలం సంగతేంటి?

ప్రశ్న: మా అమ్మాయికి ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ కౌంటీలోని ఓ పల్లెలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఒక్కతే ఉంటుంది. నెలకు 900 పౌండ్లకు పాత రాతి ఇల్లు దొరికింది, టౌన్‌లో ఫ్లాట్ కన్నా చవకంటోంది. అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి? ఏమేం చూసుకోవాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అద్దె సంగతి తర్వాత. ఇల్లు దేంతో వెచ్చబడుతుందో ముందు అడగమనండి. అక్కడి పల్లెల్లో చాలాచోట్ల గ్యాస్ పైపులైను ఉండదు. పెరట్లో ట్యాంకు, అందులో కిరోసిన్, దాంతో నడిచే బాయిలర్. (మనకు కిరోసిన్ అంటే రేషన్ షాపే గుర్తొస్తుంది. అక్కడ వేడినీళ్లు, గదుల వెచ్చదనం అన్నీ దానిమీదే.) గ్యాస్‌కీ కరెంటుకీ ఉన్న ధరల పరిమితి ఈ నూనెకు లేదు. పైగా అమ్మేవాళ్లు సాధారణంగా 500 లీటర్లకు తక్కువ పోయరు, అంటే డబ్బంతా ఒకేసారి కట్టాలి. లీటరుకు సుమారు పది యూనిట్ల వేడి వస్తుంది. గోడల్లోంచి వేడి బయటికి పోయే రాతి ఇంట్లో ఆ నూనె ఎన్నాళ్లో రాదు. చాలా ఊళ్లలో ఇరుగుపొరుగు కలిసి ఒకే ఆర్డర్ పెట్టి ధర తగ్గించుకుంటారు. అందులో చేరమనండి. వేసవిలోనే నింపించుకోవడం మేలు.

ట్యాంకు మాత్రం ఖాళీ కానివ్వకూడదు. అడుగున పేరుకున్న మడ్డి పైపులోకి వెళ్తుంది, గాలి చొరబడుతుంది, బాయిలర్ ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి గాలి తీస్తేగానీ మళ్లీ వెలగదు. తాళాలు తీసుకునే రోజే నూనె ఎంత ఉందో ఫొటో తీసి, ఆ కొలత రాయించుకోవాలి. లేకపోతే ఖాళీ చేసేటప్పుడు పేచీ.

ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే ఎనర్జీ సర్టిఫికెట్ ఉంటుంది. ఎ నుంచి జి దాకా గ్రేడ్లు. మినహాయింపు లేని ఇంటిని ‘ఇ’కి తక్కువైతే అద్దెకివ్వకూడదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఉచితంగా కనిపిస్తుంది. అన్నం వార్చే ఆవిరి, లోపల ఆరేసిన బట్టల తేమ చల్లటి గోడకు తగిలి నల్లటి బూజు పడుతుంది. గిన్నెకు మూత, వంటప్పుడు కిటికీ సందు తప్పనిసరి.

డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు. 900కి లెక్కేస్తే దాదాపు 1,038 పౌండ్లు. ఇల్లు అట్టేపెట్టమని ముందిచ్చేది వారం అద్దెకు మించకూడదు, అంటే సుమారు 207. డిపాజిట్ అందిన 30 రోజుల్లో ఇంటి యజమాని దాన్ని గుర్తింపు పొందిన రక్షణ పథకంలో నమోదు చేయాలి. ఒంటరిగా ఉండేవారికి కౌన్సిల్ ట్యాక్స్‌లో (స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను) 25 శాతం తగ్గింపు. ఇది వీసా వాళ్లకు నిషేధించిన ప్రభుత్వ సాయం కిందికి రాదు, భయపడకుండా అడగొచ్చు. మురుగు సెప్టిక్ ట్యాంకుకు పోయే ఇల్లైతే దాన్ని తోడించే ఖర్చు ఎవరిదో ఒప్పందంలో చూసుకోండి. వేపుళ్ల నూనె సింకులో పోయవద్దనండి.

ప్రశ్న: అదే అమ్మాయికి కారు తప్పదా? ఇక్కడి లైసెన్సు సరిపోతుందా?

జవాబు: ఇళ్లకు తిరిగే డ్యూటీ అయితే తప్పదు. చాలా పల్లెలకు ఆదివారం బస్సే ఉండదు. మన లైసెన్సు అక్కడ స్థిరపడ్డ నాటి నుంచి 12 నెలలే చెల్లుతుంది, దాన్నిచ్చి బ్రిటిష్ లైసెన్సు తీసుకునే వీల్లేదు. పరీక్ష తేదీ దొరకడానికే నెలలు పట్టొచ్చు. వెళ్లిన వెంటనే ప్రొవిజనల్ లైసెన్సుకు (మన లెర్నర్ లైసెన్సు లాంటిది) దరఖాస్తు చేసి, థియరీ ముగించి ప్రాక్టికల్ బుక్ చేసుకోమనండి.