హన్మకొండలో ఏడు సీట్ల ఎస్‌యూవీ: డీజిల్ తీసుకోవాలా, పెట్రోల్ తీసుకోవాలా?

రోజూ పిల్లల బడికీ, ఆఫీసుకూ హన్మకొండలోనే తిరుగుతూ, నెలకొకసారి ములుగు దగ్గరి సొంతూరికి వెళ్లే ఆరుగురి కుటుంబానికి డీజిల్ ఎస్‌యూవీ దీర్ఘకాలంలో గిట్టుబాటు అవుతుందా, వారంటీ తీరాక ఖర్చు ఎక్కడ పడుతుంది అని అడిగారు. 2017లో కొన్న 2.2 లీటర్ల డీజిల్ బండిని ఇప్పటికీ నడుపుతున్నాను. అయినా మీ వాడకానికి డీజిల్ వద్దనే చెబుతాను. నా బండి బీఎస్-4 అనే పాత పొగ ప్రమాణం కాలం నాటిది. పైగా ఉద్యోగరీత్యా నేను దాదాపు ప్రతి వారం హైదరాబాద్ వెళ్లి వస్తాను కాబట్టి నా లెక్క వేరు.

2020 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. ఇంజిన్ నుంచి వచ్చే మసి అందులో చిక్కుకుంటుంది. అది నిండుతున్నప్పుడు ఇంజిన్ కంప్యూటర్ అదనంగా డీజిల్ చిమ్మించి, వడపోతలోని వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచి, ఆ మసిని కాల్చేస్తుంది. ఈ పని పూర్తి కావాలంటే బండి ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో, పదిహేను ఇరవై నిమిషాలైనా నడవాలి. సుబేదారి నుంచి చౌరస్తా దాకా సిగ్నళ్ల మధ్య వెళ్లే ప్రయాణంలో ఇంజిన్ సరిగా వేడెక్కేలోపే మనం దిగిపోతాము. కాల్చడం ఇలా మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే, మండని డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది. కాజీపేటలో ఉండే మా బావమరిది బీఎస్-6 డీజిల్ కొని, డీపీఎఫ్ దీపం వెలిగినప్పుడల్లా స్టేషన్ ఘన్‌పూర్ దాకా వెళ్లి వస్తున్నాడు. ఇంట్లో పిల్లలు దానిని షికారు అనుకుంటారు గానీ, ఆ తిరుగుడుకు పోయే డీజిల్‌ను కలుపుకుంటే పెట్రోల్ మీద మిగిలేది పెద్దగా ఏమీ కనిపించదు. నెలకొకసారి ములుగు రోడ్డు ఎక్కడం ఈ వడపోతకు చాలదు. ఊళ్లో పెట్రోల్ బండి మైలేజీ తక్కువే ఇస్తుంది, అది ఒప్పుకోవలసిందే. నా డీజిల్ కూడా ఊళ్లో లీటరుకు 10, 11 కిలోమీటర్లకు మించదు, హైవే మీద మాత్రం 15 దాకా వస్తుంది.

ఇక వారంటీ తర్వాతి ఖర్చు. లక్ష కిలోమీటర్లు దాటినా ఇంజిన్ నన్ను ఆయిల్, ఫిల్టర్లు, బెల్టులు తప్ప వేరేదేమీ అడగలేదు. డబ్బంతా బండి కింది భాగమే తింటుంది. బరువైన బండి, అందులో నిండా జనం, ఊరి దారిలో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు: ఈ మూడూ కలిస్తే చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు, లింక్ రాడ్లు, షాక్ అబ్జార్బర్లు వరుసగా పోతాయి. ముందు చక్రాల దగ్గర చప్పుడు వస్తోందని ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే రెండు వైపులా మొత్తం సెట్ మార్చాలన్నారు. బయటి మెకానిక్ రెండు బుష్‌లు మార్చాడు, చప్పుడు పోయింది. అందుకే పెద్ద అంచనా ఏది ఇచ్చినా రెండోచోట చూపించనిదే ఒప్పుకోకండి. టైర్లకు అరుగుదల ఒక్కటే కాదు, వయసు కూడా చూడాలి. పక్కన అచ్చువేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్నీ, చివరి రెండు సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. మన ఎండలకు ఐదారేళ్లు దాటిన టైరుతో నిండు కుటుంబాన్ని హైవే ఎక్కించడం నాకు ఇష్టం లేదు.

బీమా తీసుకునేటప్పుడు ఇంజిన్ రక్షణ అనే అదనపు కవర్‌ను వదులుకోకండి. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ నయీంనగర్ నాలా పొంగినప్పుడు హన్మకొండలో ఏం జరిగిందో మీరూ చూసే ఉంటారు. నీటిలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా కుదించుకోదు కాబట్టి పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు సమగ్ర బీమా సాధారణంగా ఈ నష్టాన్ని కట్టివ్వదు. ఎస్‌యూవీ ఎత్తు చూసి ధైర్యం చేసేవారికే ఈ కవర్ ఎక్కువ అవసరం.

కొనే ముందు అమ్మానాన్నలను షోరూమ్‌కు తీసుకెళ్లి, వారిచేత స్వయంగా ఎక్కించి దింపించండి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కోసం మేము తర్వాత ఫుట్‌స్టెప్ బిగించవలసి వచ్చింది. మూడో వరుసలో మీరే కూర్చుని చూడండి, ఎందుకంటే చాలా బండ్లలో అది పిల్లలకే సరిపోతుంది. ఆ వరుస తెరిచి ఉంచితే వెనుక ఒక బియ్యం బస్తాకు కూడా చోటు కష్టమవుతుంది, కాబట్టి ఊరి నుంచి బియ్యం, మామిడికాయలు తెచ్చుకునే అలవాటుంటే పైన బిగించే క్యారియర్ ధర కూడా బేరంలోనే కలిపి మాట్లాడుకోండి.