పసుపు మీదికి ఉరికొస్తదట

నల్లగొండ

బిడ్డా,

నువ్వు నౌకరీ ఇడిచి, రష్యా చిత్రకారుడు కండిన్‌స్కీ కళ మీద రాసిన పుస్తకం తెలుగు చేస్తవని మీ బాపు ఫోన్ల చెప్పిండు. ఏడ్చినంత పని చేసిండు. ఆయనకు సర్ది చెప్పిన గని, ఫోన్ పెట్టినంక నాకూ నిద్ర పట్టలే. మన ఇంట్ల ఒకరు ఇసొంటి పనికి పూనుకున్నరని ఛాతి ఉబ్బింది. కిరాయి ఎట్ల కడుతవని మళ్ల గుబులు.

కండిన్‌స్కీ సుత లా చదివి, 1896ల పంతులు కొలువు పిలిచినా వద్దని మ్యూనిక్‌కు బొమ్మలు నేర్సుకోను పోయిండని బాపుతోని వాదించినవట. నిజమే, అప్పటికి 30 ఏండ్లు. కాకపోతే ఆయన తండ్రి చాయ్‌పత్త వ్యాపారి. మీ బాపుకున్నది మూడెకరాలు, ఒక ఎండిన బోరు. సగం పూట నౌకరీ అన్న చూసుకో.

మొత్తం రెండుసార్లు చదివినంకనే కలం పట్టు. 1911ల అచ్చయింది జర్మన్ల. ఆ భాష తెలిసినోళ్లను ఒకరిని ఎంట పెట్టుకో. పేర్ల ఉన్న 'స్పిరిచువల్' మాటకు 'ఆధ్యాత్మికం' అని పెడితే దుకాణపాయన భజన పుస్తకాల పక్కన పెడతడు, ఆలోచించు. మన 'పచ్చ'తోని పైలం. పచ్చకామెర్లల అది పసుపు, పచ్చగడ్డిల ఆకుపచ్చ. కండిన్‌స్కీ లెక్కల పసుపు చూసేటోని మీదికి ఉరికొస్తది, నీలం దూరం జరుగుతది, రెండూ కలిసిన ఆకుపచ్చ కదలకుంట నిలుస్తది. ఉత్త 'పచ్చ' అని రాస్తే ఆ లెక్కంత ఆగమైతది.

1984ల నేను మర్రిగూడ దిక్కు ఒక బడిల డ్రాయింగ్ సారును. ఆ పుస్తకం ఇంగ్లిష్‌ది హైదరాబాద్‌ల పాత పుస్తకాల కుప్పల దొరికింది. నెల రోజులు సంకలనే పెట్టుకొని తిరిగిన. మాస్కోల ఫ్రెంచి చిత్రకారుడు మోనే గీసిన గడ్డివాము బొమ్మను కేటలాగ్ చూసేదాక కండిన్‌స్కీ గుర్తుపట్టలేదని తెలిసి, గడ్డివాము తెలువదా ఈనెకు అని నవ్వుకున్న. రంగులకు అర్థాలు దొరికినయన్న మత్తు నాకు. పోరగాండ్ల బొమ్మలన్నీ దాంతోనే తూసేది.

ఒకనాడు ఏడో తరగతి పిలగాడు వాళ్ల ఇంటోళ్ల బొమ్మ గీసుకొచ్చిండు. అందరు నవ్వుతున్నరు. అందరి పండ్లూ పసుపు, నడుమనడుమ కాఫీ రంగు గీతలు. "పసుపు ఉరికొచ్చే రంగురా, మొఖాలను మింగేసింది. పండ్లు తెల్లగుంటయ్, దిద్దుకరాపో" అని ఎర్ర పెన్సిల్‌తోని సున్నలు చుట్టిన. "అట్లనే సార్" అన్నడు. అనుకుంట చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నడు.

అప్పుడు చూసిన, బిడ్డా. రెండేండ్ల సంది నా ఎదురుంగ కూసుంటున్నడు, వాని పండ్ల గార నాకు కనపడలే. ఫ్లోరైడ్ నీళ్లు. క్లాసుల సగం మందికి అదే. బొమ్మల వాళ్ల నాయినమ్మ వంకరగుంటే వీనికి గీత కుదరలే అనుకున్న. ఆమె నడుం నిజంగనే వంగిపోయి ఉన్నది.

అనకపోతినా, ఉండనీ అని. అనలే. తెల్లారి దిద్దుకొచ్చిండు. అందరి నోళ్లు మూసి గీసిండు. పదికి ఎనిమిది మార్కులేసిన.

ఆ పుస్తకంలనే, రంగును ఎంచేది లోపలి నుంచి తోసుకొచ్చేదే గని బయటి రూలు కాదని ఉన్నది. దాన్ని 'అంతర్గత ఆవశ్యకత' అని నోట్‌బుక్కుల రాసుకొని కింద గీత గూడ కొట్టుకున్న అదే నెల. ఆ మాట కాడికి వచ్చినప్పుడు తొందరపడకు. 'లోపలి అక్కర' అంటవో, 'ఆపుకోలేనిది' అంటవో, నాకైతే ఇప్పటికీ తెగలే. 'ఆవశ్యకత' మాత్రం సర్కారు జీవో లెక్కుంటది.

రాత్రిళ్లు సన్న బుగ్గ కింద చదవకు, మన ఇంట్ల అందరి కండ్లు తొందరగ పోతయ్. బియ్యం పంపుతున్న.

ఇంకోటి. ఆకుపచ్చను బలిసి పండుకొని నెమరేసే ఆవుతోని పోల్చి, దానివి మొద్దు కండ్లన్నట్టు ఎక్కిరించిండు గదా. ఆ పేజీ కాంగనే మీ నాయినమ్మకు చదివి వినిపియ్యి. 40 ఏండ్లు పాలు పిండింది, ఊకోదు. ఏమన్నదో నాకు రాయి.

నీ పెద్దబాపు