‘పది అణువులు’ అంటే ఎన్ని?

సందేహం: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. పిల్లలు బడిలో చదివేది మరాఠీ మాధ్యమం. ఇంటి దగ్గర నేను తెలుగు పుస్తకం చూసి సైన్సు చెబుతుంటాను. రసాయన సమీకరణాల దగ్గర ‘ఆక్సిజన్ అణువులు’ అనగానే వాళ్ల లెక్క తప్పుతోంది. బడిలో అణువంటే వేరట. తప్పు ఎవరిది? సమీకరణం రెండు వైపులా లెక్క సరిపెట్టడాన్ని ‘తుల్యం చేయడం’ అనాలా, ‘సంతులితం చేయడం’ అనాలా?

సమాధానం: తప్పు ఎవరిదీ కాదు. మరాఠీ సైన్సులో ‘అణూ’ అంటే మన పరమాణువు, అంటే మూలకంలోని అతి చిన్న కణం. పరమాణువులు కలిసి ఏర్పడే, మనం అణువు అనేదాన్ని వాళ్లు ‘రేణూ’ అంటారు. మన పరమాణు సంఖ్య అక్కడ ‘అణుఅంక్’. మీ పిల్లవాడు ‘నీటి రేణువు’ అంటే, ఇసుక రేణువు, ధూళి రేణువు అనడానికి అలవాటుపడ్డ తెలుగు చెవికి వింతగా ఉంటుంది. వాడు మాత్రం తన పాఠం ప్రకారం సరిగ్గానే అన్నాడు. ఆ మాటకొస్తే మనమూ అంత నిక్కచ్చిగా ఏమీ లేం. అణుబాంబు, అణువిద్యుత్తు అన్నప్పుడు మనం చెప్పేది పరమాణువు సంగతే.

లెక్క ఎక్కడ తప్పుతుందో ప్రొపేన్ మండడంలో చూడండి:

సీ₃హెచ్₈ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

ముందు కార్బన్ చూడాలి. ఎడమవైపు 3 ఉన్నాయి కనుక కుడివైపు సీఓ₂కు 3 గుణకం (ముందు వేసే అంకె). తర్వాత హైడ్రోజన్ 8 కనుక నీటికి 4. ఆక్సిజన్ విడిగా ఉన్న మూలకం, దాన్ని చివరికి ఉంచుకుంటే మిగతావి కదలవు. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్ 3×2 + 4 = 10. ఇక్కడ మీరు ‘పది పరమాణువులు, అంటే ఐదు అణువులు’ అంటారు. మరాఠీ పాఠం విన్న పిల్లవాడికి ఐదు అణువులంటే ఐదు ఆక్సిజన్లే, సగం తక్కువ. అదే మీరు పొరపాటున ‘పది అణువులు కావాలి’ అన్నారనుకోండి, తెలుగు పుస్తకం చదివిన పిల్ల ఓ₂ ముందు 10 వేస్తుంది. ఎడమవైపు 20 అయి కూర్చుంటాయి.

కాబట్టి ఆక్సిజన్ దగ్గర అణువు మాటను కాసేపు పక్కనపెట్టి ‘జంట’ అనండి. పది పరమాణువులు, ఐదు జంటలు:

సీ₃హెచ్₈ + 5ఓ₂ → 3సీఓ₂ + 4హెచ్₂ఓ

బేసి సంఖ్య వచ్చినప్పుడూ ఈ మాటే అక్కరకొస్తుంది. బ్యూటేన్ (సీ₄హెచ్₁₀) ఒకటి తీసుకుంటే కుడివైపు 8 + 5 = 13 ఆక్సిజన్లు, అంటే ఆరున్నర జంటలు. అర జంటను అలా వదిలేయకుండా అన్ని గుణకాలనూ రెట్టింపు చేయాలి: 2, 13, 8, 10. ఓ₂ ఒక్కదాన్నే రెట్టించి మిగతావి మరిచిపోవడం పిల్లలు తరచూ చేసే పొరపాటు.

‘ముందు అంకె’, ‘కింది అంకె’ అన్న తేడా కూడా ప్రతిసారీ పలకండి. ఊరికే ‘రెండు వెయ్యి’ అంటే ఆక్సిజన్ చాలని చోట హెచ్₂ఓ కింద 2 చేర్చి హెచ్₂ఓ₂ చేసేస్తారు. లెక్క కుదిరినట్టే ఉంటుంది గానీ నీరు కాస్తా హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. మార్చదగ్గది ముందు అంకె ఒక్కటే.

ఇక రెండో సందేహం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడినవి ‘తుల్యం చేయడం’, ‘తుల్య సమీకరణం’. ‘సంతులితం’ సంస్కృత పదమే కనుక తెలుగులో తప్పనలేం. పిల్లలు పరీక్ష మరాఠీలో రాస్తారు కాబట్టి ఇంట్లోనూ దాన్నే వాడితే నష్టం లేదు. నేను వద్దనేది ‘సమతుల్యం’ ఒక్కదాన్నే. పై తరగతుల్లో ‘సమతాస్థితి’ అని వేరే పాఠం వస్తుంది. అందులో పురోగామి (ముందుకు సాగే), తిరోగామి (వెనక్కి సాగే) చర్యలు ఒకే వేగంతో సాగుతుంటాయి. అంకెలు సరిపెట్టడానికీ దానికీ సంబంధం లేదు.