మెగ్గర్‌ల పాసై, ఇంట్ల ట్రిప్ చేస్తున్న ఇస్త్రీపెట్టె

ఇస్త్రీపెట్టె షాపుల మెగ్గర్ (కరెంటు లీకు చూసే ఇన్సులేషన్ టెస్టు మిషిను) పెడితే పాసైంది, ఇంట్ల మాత్రం ట్రిప్ చేస్తుంది అని అడిగినవ్ గదా అన్నా. నాబ్ ఆఫ్‌ల పెట్టి, ఒక్క ఫేజు పిన్నుకే మెగ్గర్ కొట్టినట్టున్నవ్. థర్మోస్టాట్ (నాబ్ కింది వేడి కంట్రోల్ స్విచ్చి) తెరిచుంటే కరెంటు ఎలిమెంట్ (వేడెక్కే కడ్డీ) దాకా పోనే పోదు, ఉత్త వైరు టెస్టయితది, అందుకే షాపుల పాసై ఇంట్ల ఆర్‌సీసీబీని (కరెంటు లీకైతే సప్లై కట్ చేసే స్విచ్చి) పడగొడ్తుంది.

1. ప్లగ్గు పీకి నాబ్ ఫుల్లు తిప్పు. అందరు మర్చిపోయేది గిదే.
2. పెద్ద ఎర్త్ పిన్ను నుంచి కింది ప్లేటుకు మల్టీమీటర్‌తోని కంటిన్యుటీ (తీగ తెగకుండ ఉందా అని) చూడు, ఎర్త్ తెగి ఉంటే మెగ్గర్ ఎప్పుడూ మంచిగనే చూపిస్తది.
3. చిన్న పిన్నులు రెండు రాగి తీగతోని కలిపి, వాటికి ఎర్త్‌కు మధ్య మెగ్గర్‌తోని 500 వోల్టులు కొట్టు, అప్పుడు చెయ్యి పెట్టకు. 1 మెగఓమ్ (10 లక్షల ఓములు) కంటె తక్కువొస్తే ఫెయిల్.

వానకాలం మా హన్మకొండల మూలకు పడేసిన పెట్టెలు గిట్లనే వస్తయి, ఎలిమెంట్ లోపలి తెల్లపొడి తేమ గుంజుతది.

ఆ తీగ తీసినంకనే ప్లగ్గు పెట్టు.