ముందు కాగితం, తర్వాత సిరా, మెషీన్ మాట ఆఖర్న

"అక్కా, ఈమధ్యే డాలస్ వచ్చాం. నేను హెచ్4 మీద ఉన్నాను. పక్కింటి పెద్దావిడ తను చేత్తో చేసిన కార్డొకటి తెచ్చి ఇచ్చింది. రబ్బరు స్టాంపులతో చేస్తారట. నాకూ నేర్చుకోవాలనుంది. షాపుకెళ్తే ఆ సామానంతా చూసి బుర్ర తిరిగిపోయింది. ఏం కొనాలి? చేయి తిరిగాక అమ్ముకోవచ్చా?"

అమ్మకం మాట ముందు తేల్చేద్దాం. మిగతా వాటిలో పొరపాటు జరిగితే ఓ కాగితం పాడవుతుంది, ఇందులో జరిగితే వీసా మీదికి వస్తుంది.

హెచ్4 అంటే హెచ్1 ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా. దాని మీద ఉండి చేతిలో ఈఏడీ, అంటే పని చేయడానికి అనుమతి కార్డు, లేనప్పుడు డబ్బు తీసుకుని ఒక్క కార్డు కూడా అమ్మకండి. ఎట్సీలో దుకాణం తెరిచినా, దీపావళి మేళాలో బల్ల వేసుకుని కూర్చున్నా అది పని కిందే లెక్క. "అయిదు డాలర్లకే కదా" అని మనం సర్దిచెప్పుకుంటాం గానీ చట్టం అయిదా, అయిదు వేలా అని చూడదు. హెచ్4 వాళ్ళకి ఈఏడీ 2015 నుంచి ఇస్తున్నారు. అదీ అందరికీ కాదు, ముఖ్యంగా హెచ్1 మీద ఉన్న భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినవాళ్ళకి. ఆ హెచ్1 వాళ్ళకి కూడా అనుమతి ఉన్నది తమ కంపెనీలో ఉద్యోగానికే, కాబట్టి "మా ఆయన పేరు మీద అమ్ముతాను" అనే ఉపాయం పనికిరాదు. స్టాంపుల కంపెనీల్లో కొన్ని షాపుల ద్వారా కాకుండా ఇళ్ళల్లో క్లాసులు పెట్టేవాళ్ళ ద్వారా అమ్ముతాయి. 1988లో మొదలైన స్టాంపిన్ అప్ అలాంటిదే. మీ పక్కింటావిడ కూడా ఏదో ఒక రోజు మిమ్మల్ని అలాంటి క్లాసుకి పిలుస్తుంది. వెళ్ళండి, చాలా నేర్చుకుంటారు. "నువ్వూ డెమాన్‌స్ట్రేటర్‌గా చేరు, డిస్కౌంటు వస్తుంది" అన్నప్పుడు మాత్రం, అంటే వాళ్ళ సామాను అమ్మిపెట్టమన్నప్పుడు, కమిషన్ కూడా ఆదాయమే అని గుర్తు పెట్టుకుని, లాయర్ని అడిగాకే సంతకం పెట్టండి. పిల్లల బడికో, వృద్ధాశ్రమానికో ఊరికే చేసి ఇవ్వడం వేరు, అది హాయిగా చేయొచ్చు.

ఈఏడీ వచ్చాక అమ్మాలనుకుంటే ఇంకోటి. స్టాంపు కొన్నంత మాత్రాన ఆ బొమ్మ మీద హక్కు మీకు రాదు. ఆ స్టాంపుతో చేసిన కార్డులు అమ్ముకోవచ్చో లేదో, ఎంతవరకో చెప్తూ కంపెనీలు ఏంజెల్ పాలసీ అని ఒకటి రాసి పెడతాయి. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ముందే చదవండి.

ఇక సరదాకి చేసేవాళ్ళ సంగతి. మన వైపు గ్రీటింగు కార్డు అంటే జనవరి ఒకటో తేదీ, మహా అయితే సంక్రాంతి. వాట్సాప్ వచ్చాక అదీ పోయింది. ఇక్కడ పోలేదు. పిల్లల పుట్టినరోజుకి బహుమతి తెచ్చినవాళ్ళకి థాంక్యూ కార్డు పంపాలి. మే నెల మొదటి పూర్తి వారం టీచర్లది. ఫిబ్రవరి 14 వస్తుందనగా ఎలిమెంటరీ బడి నుంచి క్లాసులో పిల్లలందరి పేర్లతో లిస్టు వస్తుంది. వాలెంటైన్ అనగానే కంగారు పడకండి, అది స్నేహితుల పండగ లాంటిదే. కాకపోతే ఇస్తే అందరికీ ఇవ్వాలి, ఒక్క పిల్లాడిని వదిలినా బాగుండదు. షాపులో మంచి కార్డు ఒక్కోటి అయిదారు డాలర్లు పలుకుతోంది, మీరే లెక్కేసుకోండి. పక్కింట్లో ఎవరైనా పోతే ఇచ్చే సింపతీ కార్డులో తళుకులు, ముత్యాలు వద్దు. ఒక ఆకో, కొమ్మో, లేత బూడిద రంగులో అచ్చు వేసి, లోపల పోయినవాళ్ళ పేరు రాసి రెండు మంచి మాటలు రాస్తే చాలు. "ఎలా పోయారు" అని మాత్రం అందులో అడక్కండి.

షాపులు రెండే గుర్తు పెట్టుకోండి, మైకేల్స్, హాబీ లాబీ. మన తెలుగువాళ్ళు కిక్కిరిసి ఉండే ఇర్వింగ్‌లోనే మైకేల్స్ హెడ్డాఫీసు. హాబీ లాబీ ఆదివారం మూసేస్తారు, వారాంతం కదా అని బయల్దేరి ఉత్త చేతులతో తిరిగి రాకండి. జోఆన్‌లో కొనమని పాత వీడియోల్లో చెప్తుంటారు, ఆ షాపులన్నీ 2025లో మూతపడ్డాయి. ఎక్కడికి వెళ్ళినా, కూపనో సేలో లేకుండా పూర్తి ధర పెట్టకండి. షాపు కంటే ముందు గరాజ్ సేల్స్ చూడండి. స్టాంపింగ్ పిచ్చి ఉన్న పెద్దావిడలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చెక్క పిడి స్టాంపులు డబ్బాల కొద్దీ చవగ్గా ఇచ్చేస్తారు. రబ్బరు మెత్తగా ఉండి, గోరుతో నొక్కితే పగుళ్ళు కనిపించకపోతే అవి ఇంకా ఏళ్ళ తరబడి పనిచేస్తాయి.

కొత్తవాళ్ళు చేతి చమురు వదిలించుకునేది మెషీన్ల దగ్గర. కాగితాన్ని బొమ్మల ఆకారంలో కోసే క్రికట్ మెషీన్ కొనేస్తే కార్డులు వాటంతటవే తయారైపోతాయనుకుంటారు. రెండు నెలల తర్వాత అది క్లోజెట్‌లో సూట్‌కేసుల పక్కన ఉంటుంది. వాడి చూడాలనుంటే పబ్లిక్ లైబ్రరీలో అడగండి, చాలా చోట్ల మేకర్‌స్పేస్ అని పెట్టి ఇలాంటి మెషీన్లు ఉంచుతున్నారు. మీరు ఖర్చు పెట్టాల్సింది కాగితం మీద. ప్రింటర్ కాగితం మీద ఎంత మంచి స్టాంపు వేసినా సిరా పాకుతుంది, కార్డు నిలబడదు. కార్డ్‌స్టాక్ అని అడగండి. పౌండ్లు అంటే ఇక్కడ కాగితం మందం లెక్క. మడిచే కార్డుకి 100, 110 పౌండ్ల "కవర్" రకం (ఉత్తరం కవరు కాదు, మందపు కాగితానికి పెట్టిన పేరు), పైన అంటించే ముక్కలకి 80 పౌండ్లది సరిపోతుంది. నున్నటి తెల్ల రకం తీసుకోండి, గరుకుది అచ్చుకి పనికిరాదు.

ఇక్కడి షీటు ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు పొడవు. మన ఏ4 కాదు, ఇండియా కొలతలు మర్చిపోండి. పొడవుని 5.5 దగ్గర కోస్తే రెండు ముక్కలు, ఒక్కో ముక్కని 4.25 దగ్గర మడిస్తే కార్డు. ఒక షీటుకి రెండు కార్డులు, వీటికి సరిపోయే ఏ2 కవర్లు ఏ షాపులో అయినా దొరుకుతాయి. మడిచే ముందు స్కేలు ఆనించి, బోన్ ఫోల్డర్ అనే మొద్దు అంచు పరికరంతో గాడి పెట్టండి, లేకపోతే సిరా అయిపోయిన బాల్‌పెన్ను చాలు. ఆ గాడి లేకుండా మడిస్తే మందపు కాగితం మడత దగ్గర పొరలు పొరలుగా చిట్లుతుంది. పైన అంటించే ముక్క 4 బై 5.25 కోస్తే చుట్టూ సన్నటి అంచు సమానంగా మిగులుతుంది. అంటించడానికి గ్లూ స్టిక్ వద్దు, కొన్నాళ్ళకి ఊడుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు వాడండి.

స్టాంపుల్లో మొదట ఒక్క సెట్టు కొనండి. పారదర్శకంగా ఉండే ఫోటోపాలిమర్ స్టాంపులైతే అక్రిలిక్ దిమ్మకి అంటించుకుని వేస్తారు, ఎక్కడ పడుతోందో పైనుంచి కనిపిస్తుంది కాబట్టి కొత్త చేతికి సులువు. కొత్త స్టాంపు మీద కంటికి కనిపించని జిడ్డు పొర ఉంటుంది. సిరా బొట్లు బొట్లుగా విడిపోతుంటే స్టాంపు పాడైంది అనుకోకండి, పెన్సిల్ రబ్బరుతో పైపైన రుద్దండి. మనకి బ్యాంకులో ముద్ర వేసినట్టు స్టాంపుని తీసుకెళ్ళి ప్యాడ్‌లో గట్టిగా గుద్దడం అలవాటు. ఇక్కడ తిరగేసి చేస్తారు. స్టాంపుని పైకి పెట్టుకుని ప్యాడ్‌తో దాని మీద మెల్లగా తట్టాలి, అప్పుడు పక్కల్లోకి సిరా చేరదు. కాగితం కింద పాత మౌస్ ప్యాడ్ పెట్టి, అటూ ఇటూ ఊపకుండా నిలువుగా నొక్కి, నిలువుగా తీయండి. పనయ్యాక తడిగుడ్డతో తుడిచి ఎండ తగలని చోట పెట్టండి.

సిరా ఏది అన్నది తర్వాత ఆ బొమ్మని ఏం చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. కాపిక్ లాంటి ఆల్కహాల్ మార్కర్లతో రంగు నింపాలంటే మెమెంటో నల్ల సిరా. గాజు, ప్లాస్టిక్ మీద పట్టే స్టేజాన్ సిరా మీద ఆల్కహాల్ మార్కర్ పెడితే గీత కరిగి మసి మసి అవుతుంది. మూడోది వెర్సామార్క్. దానికి రంగుండదు, జిగట మాత్రమే ఉంటుంది. మన శుభలేఖ మెరుపు రావాలంటే కావాల్సింది అదే.

మెరూన్ కార్డ్‌స్టాక్ తీసుకుని, ముందు దాని మీద కొంచెం టాల్కం పౌడరు రాసి దులిపేయండి, లేకపోతే బంగారు పొడి అక్కర్లేని చోట కూడా అంటుకుంటుంది. వెర్సామార్క్‌తో స్టాంపు వేసి, తడి ఆరకముందే బంగారు రంగు ఎంబాసింగ్ పౌడరు పైనుంచి ధారాళంగా పోసి, మిగిలింది వేరే కాగితంలోకి వంచి సీసాలో పోసేసుకోండి. అప్పటికి బొమ్మ మట్టిరంగులో, ఇసుక చల్లినట్టు వెలిసిపోయి ఉంటుంది. హీట్ గన్‌తో కాగితం కింది వైపు నుంచి వేడి తగలనివ్వండి. కాసేపు ఏమీ జరగదు. ఉన్నట్టుండి ఒక మూల నుంచి ఆ గరుకు కరిగి మెరుస్తూ సాగిపోతుంది. మెరిసిన చోట నుంచి గన్ జరిపేయండి, అక్కడే ఉంచితే ఉబ్బు పోయి నూనె మరకలా చదునైపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఇది కాదు, వేడి చాలదు సరికదా గాలికి పొడంతా ఎగిరిపోతుంది. అపార్ట్‌మెంట్ కార్పెట్ మీద కూర్చుని ఈ పని పెట్టుకోకండి, డిపాజిట్ గుర్తుంచుకోండి.

మన పండగలకి స్టాంపులు ఈ షాపుల్లో దొరకవని బెంగ పెట్టుకోనక్కర్లేదు, వాళ్ళ పండగల వరసల్లోనే మన సామాను ఉంది. అక్టోబరులో టెక్సాస్‌లో డియా డి లోస్ ముయెర్తోస్ సెట్లు పెడతారు, మెక్సికో వాళ్ళు పితృదేవతలని తలుచుకునే పండగ. వాళ్ళకీ బంతిపూలే కావాలి. పుర్రెలు పక్కన పెట్టి ఆ బంతిపూలు తీసుకుంటే బతుకమ్మకీ దీపావళికీ సరిపోతాయి. పొడుగాటి ఆకు స్టాంపు ఏదైనా ఆకుపచ్చలో వరసగా కిందికి వేలాడేట్టు వేస్తే మామిడి తోరణం, ఉగాది కార్డు సిద్ధం. గుండ్రటి పంచ్‌తో కోసిన బిళ్ళని సగం చేస్తే ప్రమిద, చిన్న ఆకు ముక్కని నిలబెడితే వత్తి మీద వెలుగు. సంక్రాంతికి స్టాంపే అక్కర్లేదు. పెన్సిల్ వెనక రబ్బరుని తెల్ల పిగ్మెంట్ సిరాలో అద్ది ఎర్ర కాగితం మీద చుక్కలు పెట్టి, తెల్ల జెల్ పెన్నుతో ముగ్గు కలపండి. మెలికల ముగ్గు వేసి ఇచ్చి చూడండి, గీత ఎక్కడ మొదలైందో అమెరికన్లు వేలు పెట్టి వెతుక్కుంటారు.

ఇండియా వెళ్ళినప్పుడు పెడనలో కలంకారీకి వాడే కొయ్య అచ్చులు ఒకటో రెండో తెచ్చుకోండి. అవి బట్ట కోసం చెక్కినవి కాబట్టి చిన్న ఇంక్ ప్యాడ్ వాటికి ఆనదు. స్పాంజితో అక్రిలిక్ రంగు పలచగా అద్ది, కాగితం కింద మడత పెట్టిన తువ్వాలు వేసి నొక్కాలి. వెంటనే పళ్ళ బ్రష్షుతో కడగకపోతే సన్న గాళ్ళలో రంగు ఎండిపోతుంది. పాత శుభలేఖలు కూడా పారేయకండి, ఆ బంగారు అంచులు, ఏనుగులు, నెమళ్ళు కత్తిరించి అంటిస్తే దండిగా ఉంటాయి. వినాయకుడి బొమ్మలున్న ముక్కలు మాత్రం మనవాళ్ళ గృహప్రవేశాలకే వాడండి. తెలియని ఇంట్లో కార్డు చివరికి చెత్తబుట్టలోకి వెళ్తుంది, వాళ్ళ తప్పు కాదది.

"శుభాకాంక్షలు" అని తెలుగులో స్టాంపు కావాలంటే చేయించుకోవాల్సిందే. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో రామభద్ర లాంటి బొద్దు అక్షరాలది ఎంచుకోండి. సన్నటి అక్షరాలైతే క కింద ష ఒత్తు సిరాతో పూడుకుపోయి మచ్చ అవుతుంది, అందుకే మాట వెడల్పు రెండున్నర అంగుళాలకి తగ్గనివ్వకండి. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే అక్షరాలు టైపు చేయకుండా బొమ్మగా పంపండి, వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతాయి, అది తప్పని పట్టుకునేవాళ్ళు అక్కడ ఉండరు. ఇండియాలో అయితే రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర రబ్బరు స్టాంపులు చేసే కొట్టుకి వెళ్తే పని సులువు, ప్రూఫు చదివేవాడికి తెలుగొచ్చు.

చేసిన కార్డు పోస్టులో వేసేటప్పుడు చాలామందికి తెలియనిది, చదరపు కవరుకి మామూలు తపాలా స్టాంపు చాలదు. కవరు పొడవు ఎత్తుకి కనీసం 1.3 రెట్లు ఉండాలి, లేకపోతే మెషీన్లో పోదు కాబట్టి అదనంగా వసూలు చేస్తారు. కుందన్లు, గుండీలు, ముడులు పెట్టి ఎగుడుదిగుడుగా చేసినా అంతే. మందం పావు అంగుళం దాటితే అసలు ఉత్తరం కిందే లెక్క కాదు. మొదటిసారి కార్డుని కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళి తూయించండి, ఒక ఔన్సు లోపల ఉంటే ఫరెవర్ స్టాంపు (తర్వాత ధర పెరిగినా చెల్లే తపాలా స్టాంపు) ఒక్కటి సరిపోతుంది. ఇక్కడి తపాలా శాఖ యూఎస్‌పీఎస్ 2016 అక్టోబరులో మొదటిసారి దీపావళి స్టాంపు తెచ్చింది, ప్రమిద బొమ్మతో. అది ఫరెవర్ స్టాంపే కాబట్టి ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే ఇప్పటికీ చెల్లుతుంది. ఇండియాకి ఔన్సు లోపు కార్డుకి గ్లోబల్ ఫరెవర్ అనే గుండ్రటి స్టాంపు ఒకటి అంటిస్తే చాలు. కానీ ఎప్పుడు చేరుతుందో చెప్పలేం, సంక్రాంతికి అందాలంటే థాంక్స్‌గివింగ్ సెలవుల్లోనే చేసి పంపేయండి. అడ్రసు ఇంగ్లీషులో, ఆఖరి లైన్లో ఇండియా అని పెద్ద అక్షరాలతో రాయండి. పిన్ కోడ్ పక్కన నాన్నగారి ఫోన్ నంబరు కూడా వేస్తే, ఇల్లు దొరక్కపోతే పోస్ట్‌మ్యాన్ ఫోన్ చేసి కనుక్కుంటాడు.