మీ ప్రశ్నలు - మా జవాబులు: ఖజానా కాచిన ప్రొఫెసర్

ప్రశ్న: ఎకనామిక్స్ ప్రొఫెసర్లు రాజకీయాల్లో నెగ్గుకురాగలరా? మన్మోహన్ సింగ్ గారి పేరు అందరూ చెప్తారు. వేరే దేశంలో, అదీ రాష్ట్ర స్థాయిలో, అలాంటివాళ్లు ఉంటే చెప్పండి.
- ఎం.ఏ. విద్యార్థిని, నెల్లూరు

జవాబు: ఉన్నారమ్మా, జర్మనీలో గేయోర్గ్ మిల్‌బ్రాట్. కాకపోతే ఆయన కథ విన్నాక మీ ప్రశ్నకి అవుననాలో కాదనాలో నాకే తేలలేదు. 1945లో జర్మనీ పశ్చిమ భాగంలోని ఎస్లోహె అనే ఊళ్లో పుట్టారు. మ్యూన్‌స్టర్ యూనివర్సిటీలో ఎకనామిక్స్, లా, లెక్కలు చదివి, డాక్టరేట్ చేసి, అక్కడే పాఠాలు చెప్పి, 1983లో ఆ ఊరి నగరపాలక సంస్థలో ఆర్థిక వ్యవహారాలు చూసే పదవికి వెళ్లారు. 1990లో రెండు జర్మనీలు కలిశాక తూర్పున శాక్సనీ రాష్ట్రం మళ్లీ ఏర్పడింది. దాని తొలి ముఖ్యమంత్రి కుర్ట్ బీడెన్‌కోఫ్, ఆయనా పశ్చిమం నుంచి వచ్చిన ప్రొఫెసరే, ఆర్థిక శాఖకి ఈయన్ని తెచ్చుకున్నారు. ఆ శాఖలో పదేళ్లు, తర్వాత 2002 నుంచి 2008 దాకా ముఖ్యమంత్రి.

ప్రశ్న: మా అబ్బాయి డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. శాక్సనీకి అప్పులే లేవంటాడు, నిజమేనా? అదంతా ఈయన గొప్పేనా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అప్పులే లేవనడం కొంచెం ఎక్కువండీ. తలసరి అప్పు తక్కువున్న జర్మన్ రాష్ట్రాల్లో మాత్రం బవేరియాతో పాటు శాక్సనీ పేరు వస్తుంది, అందులో మిల్‌బ్రాట్ పట్టుదల చాలా ఉంది. కలిసిన కొత్తలో తూర్పు రాష్ట్రాలన్నిటికీ పశ్చిమం నుంచి డబ్బు బాగా వచ్చింది, వస్తున్నప్పుడు ఎవరికైనా ఖర్చు చేయబుద్ధవుతుంది. ఈ డబ్బు ఎల్లకాలం రాదు, జనాభా చూస్తే ఏటా తగ్గుతోంది, రేపు మిగిలే కొద్దిమందే ఈ అప్పంతా మోయాలి, కాబట్టి రోజువారీ ఖర్చు బిగించి ఆ డబ్బు రోడ్ల మీదా పెట్టుబడుల మీదా పెట్టాలి అన్నది ఆయన లెక్క. డ్రెస్డెన్‌కి సీమెన్స్ (ఇప్పటి ఇన్ఫినియాన్), ఏఎండీ చిప్ ఫ్యాక్టరీలు వచ్చింది కూడా ఆ దశాబ్దంలోనే. అది ఆయనొక్కడి ఘనత కాదు, తూర్పు జర్మనీ కాలం నుంచే ఆ ఊళ్లో మైక్రో ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఇంజనీర్లు ఉన్నారు.

ప్రశ్న: తెచ్చుకున్న ముఖ్యమంత్రే ఆయన్ని తీసేశారట కదా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: తీసేశారు, 2001 జనవరిలో. తన తర్వాత ఎవరు అన్న గొడవలో. నిపుణుడిగా గొప్పవాడే గానీ రాజకీయ నాయకుడిగా అధ్వానం అని బీడెన్‌కోఫ్ అన్న మాట దేశమంతా పాకింది. ఆ ‘అధ్వానం’ మనిషే అదే ఏడాది సెప్టెంబరులో పర్యావరణ మంత్రి స్టెఫెన్ ఫ్లాట్‌ని ఓడించి, వాళ్లందరి పార్టీ సీడీయూకి (క్రిస్టియన్ డెమొక్రాట్లు) రాష్ట్ర అధ్యక్షుడయ్యారు! ఈలోపు పెద్దాయన బీడెన్‌కోఫ్ అధికార నివాసం అద్దె గొడవలో ఇరుక్కున్నారు, పైగా ఐకియా షాపులో డిస్కౌంట్ అడిగారన్న సంగతి పేపర్లకెక్కింది. 2002 ఏప్రిల్‌లో కుర్చీ చేతులు మారింది. నాలుగు నెలలకే ఎల్బె నదికి వరద, డ్రెస్డెన్ దగ్గర నీటిమట్టం 9.40 మీటర్లు. 2004 ఎన్నికల్లో పార్టీ ఓట్లు 56.9 శాతం నుంచి 41.1కి పడిపోయి, ఎస్‌పీడీ (సోషల్ డెమొక్రాట్లు) పార్టీతో పొత్తు పెట్టుకోక తప్పలేదు. జనాన్ని ఆకట్టుకోవడంలో బీడెన్‌కోఫ్ ముందు ఈయన తేలిపోయారనే నా అభిప్రాయం.

ప్రశ్న: అంత లెక్కల మనిషి ఒక బ్యాంకు వల్ల పదవి ఎలా పోగొట్టుకున్నారు?
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జవాబు: అసలు కథ ఇదేనండీ, మీకైతే చప్పున అర్థమవుతుంది. 1992లో శాక్సనీ ‘సాక్సెన్ ఎల్‌బీ’ అని సొంత బ్యాంకు పెట్టింది. తూర్పున కొత్త రాష్ట్రాల్లో అలా విడిగా పెట్టుకున్నది ఇదొక్కటే, అప్పుడు ఆర్థిక మంత్రి ఈయనే. జర్మనీలో ఇలాంటి బ్యాంకుల అప్పులకి రాష్ట్రమే పూచీ ఉండేది, అందుకని వాటికి చవగ్గా అప్పు పుట్టేది. యూరోపియన్ కమిషన్ ఒత్తిడితో 2005 జులైలో ఆ పూచీ ఆగింది. గడువు దాటేలోపు ఇలాంటి బ్యాంకులు దొరికినంత అప్పు తెచ్చిపెట్టుకున్నాయి, తెచ్చాక ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. శాక్సనీలో చాలినంత వ్యాపారం లేదు. ఈ బ్యాంకు ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో ఒక అనుబంధ సంస్థ నడిపేది. అక్కడ ‘ఆర్మండ్ కీ’ అనే ఏర్పాటు ద్వారా కొద్ది నెలల గడువుండే పత్రాలు అమ్మి డబ్బు తేవడం, దాంతో ఏళ్ల తరబడి నడిచే అమెరికా ఇళ్ల లోన్ల బాండ్లు కొనడం, ఆ మధ్య తేడా లాభం. అమ్ముడుపోకపోతే ఆదుకుంటామని హామీ ఇచ్చింది మళ్లీ బ్యాంకే.

2007 ఆగస్టులో ఆ పత్రాలు కొనే నాథుడు లేకుండా పోయాడు. సేవింగ్స్ బ్యాంకుల గ్రూపు 1,730 కోట్ల యూరోల క్రెడిట్ ఇచ్చి ఆ పూటకి నిలబెట్టింది, అది దాదాపు రాష్ట్రం ఏడాది బడ్జెట్ అంత. అదే నెలలో బ్యాంకుని స్టుట్‌గార్ట్‌కి చెందిన అలాంటి మరో బ్యాంకు ఎల్‌బీబీడబ్ల్యూకి అమ్మేశారు. దానికి శాక్సనీ 275 కోట్ల యూరోలకి గ్యారంటీ ఇవ్వాల్సి వచ్చింది, తర్వాతి ఏళ్లలో 100 కోట్ల పైనే కట్టింది కూడా. ఆర్థిక మంత్రి హోర్స్ట్ మెట్స్ ముందే దిగిపోయారు, 2008 మే నెలలో మిల్‌బ్రాట్ కూడా దిగిపోగా స్టానిస్లావ్ టిలిష్ వచ్చారు. ఆర్థికవేత్తకి రిస్క్ తెలియదా అని మీరు అడగొచ్చు. తెలుసు, కానీ ఆయన కాపలా అంతా బడ్జెట్ పుస్తకం మీదే, ఇచ్చిన పూచీ ఎంత పెద్దదైనా అందులో ఖర్చుగా కనపడదు. తను పెట్టిన బ్యాంకుని తన శాఖ ఫైళ్లని అనుమానించినట్టు అనుమానించలేదు, నాకు తోచిన కారణం ఇదే.

ప్రశ్న: ఆ తర్వాత ఇంట్లో కూర్చున్నారా?
- గృహిణి, రాజమండ్రి

జవాబు: లేదమ్మా, డ్రెస్డెన్ యూనివర్సిటీలో మళ్లీ పాఠాలు చెప్పారు. 2017లో జర్మన్ ప్రభుత్వం ఉక్రెయిన్ అధికార వికేంద్రీకరణ సంస్కరణకి ఆయన్ని ప్రత్యేక ప్రతినిధిగా వేసింది. అక్కడ పది వేలకు పైగా ఉన్న చిన్నచిన్న గ్రామ, పట్టణ మండళ్లని కలుపుతూ వచ్చి 2020 నాటికి దాదాపు 1,470 స్థానిక సంస్థలు చేశారు, వ్యక్తుల ఆదాయపు పన్నులో 60 శాతం వాటికే వదిలారు.